ముల్లు కదలకపోయినా శ్రమ వృథా కాదు

* బరువు తగ్గుదల మధ్యలో ఎందుకు ఆగిపోతుంది?
* పస్తులతో మొదటికే మోసం
* పళ్లెం, నడక, నిద్ర సరిచూసుకుంటే తిరిగి ఫలితం

విశాఖపట్నం: తెల్లవారకముందే సాగరతీరం పాదచారులతో కళకళలాడటం నగరవాసులకు నిత్యం కనిపించే దృశ్యమే. వీరిలో బరువు తగ్గాలన్న సంకల్పంతో నడుస్తున్న వారు ఎందరో. తొలి రెండు మూడు నెలలు ఉత్సాహంగా సాగిన ఈ ప్రయత్నం ఆ తరువాత ఒక చోట చిక్కుకుపోతుంది. అదే నడక, అదే పథ్యం. అయినా తూనిక యంత్రంపై ముల్లు వారాల తరబడి ఉన్నచోటు నుంచి కదలదు. ఎంత చేసినా ఇంతేనన్న నిస్పృహతో కొందరు నడక మానేస్తారు. మరికొందరు పంతంతో పస్తులకు దిగుతారు. ఈ రెండూ నష్టం కలిగించేవే. బరువు తగ్గే క్రమంలో దాదాపు ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే ఈ దశకు స్పష్టమైన కారణాలున్నాయి. వాటిని అర్థం చేసుకుంటే దాటే మార్గమూ కనిపిస్తుంది.

ఈ స్థితిని ఆంగ్లంలో 'వెయిట్ లాస్ ప్లాటో' అంటారు. ప్లాటో అంటే పీఠభూమి. కొండ దిగుతున్న వ్యక్తికి నడుమ సమతలమైన నేల ఎదురైనట్లు, తగ్గుతున్న బరువు ఒక చోట నిలకడగా ఆగడమే దీని లక్షణం. ఆహార నియమాలు పాటించే వారిలో సాధారణంగా ఆరు నెలల ప్రాంతంలో ఈ దశ వస్తుంది. కొందరికి అంతకు ముందే ఎదురుకావచ్చు.

ఎంతకాలం ఆగితే ఆగినట్టు?

నాలుగు రోజులు బరువు తగ్గకపోతే అది ప్లాటో కాదు. మనిషి బరువు రోజుకు కిలో, ఒక్కోసారి రెండు కిలోల వరకు అటూ ఇటూ ఊగుతుంది. ముందురోజు ఆవకాయో, ఉప్పుచేపో ఎక్కువగా తింటే శరీరం నీటిని నిలుపుకుంటుంది. మలబద్ధకం వల్ల, స్త్రీలలో నెలసరికి ముందు రోజుల్లో కూడా ముల్లు పైకి పోతుంది. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన వారి కండరాల్లో కొన్నాళ్లు నీరు చేరడం సహజం. ఇవేవీ కొవ్వు పెరిగినట్లు సూచించవు.

ఉదయం కాలకృత్యాలు తీర్చుకున్న వెంటనే, ఏమీ తినకముందు, ఒకే యంత్రంపై తూచుకోవాలి. ఏడు రోజుల అంకెలను కూడి సగటు తీయాలి. ఈ వారం సగటును గత వారం సగటుతో పోల్చి చూడాలి. వారానికొకసారి బొడ్డు దగ్గర నడుము కొలత కూడా రాసుకోవాలి. నాలుగు వారాల పాటు సగటు బరువు, నడుము చుట్టుకొలత రెండూ మారకపోతే అప్పుడే తగ్గుదల ఆగినట్లు భావించాలి. బరువు ఆగినా నడుము తగ్గుతుంటే ప్రయత్నం ఫలిస్తున్నట్లే.

తొలి వారాల వేగం వెనుక

ఆరంభంలో బరువు చకచకా తగ్గడానికి కారణం కొవ్వు కరగడం ఒక్కటే కాదు. మనం తిన్న పిండి పదార్థాల్లో కొంత భాగం గ్లైకోజెన్ రూపంలో కాలేయంలోనూ, కండరాల్లోనూ నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం, రొట్టె ఒక్కసారిగా తగ్గించినప్పుడు ఈ నిల్వ ఖర్చయి, దానితో ఉన్న నీరు కూడా బయటకు పోతుంది. తొలి వారంలోనే రెండు కిలోలు తగ్గినట్లు కనిపించడంలో ఈ నీటి పాలు చాలా ఉంటుంది.

పిండి పదార్థాలను దాదాపు పూర్తిగా మాని, కొవ్వులపై ఆధారపడే పద్ధతి 2017-18 ప్రాంతంలో రెండు తెలుగు రాష్ట్రాల్లో విస్తృత ప్రచారం పొందిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అటువంటి పద్ధతుల్లో మొదట కనిపించిన వేగమే చివరి వరకు ఉంటుందని ఆశించిన వారు, తరువాతి వారాల్లో వేగం మందగించగానే నిరాశ చెందారు. నీరు పోయే వేగం వేరు, కొవ్వు కరిగే వేగం వేరు. ఈ తేడా ముందుగా తెలిసి ఉంటే నిరుత్సాహం కొంతైనా తగ్గుతుంది.

శరీరం వేసే లెక్క

బరువు తగ్గిన శరీరానికి మునుపటంత శక్తి అవసరం ఉండదు. బస్తా దించిన బండికి తక్కువ ఇంధనం సరిపోయినట్లే ఇదీ. ఒక ఉదాహరణ చూద్దాం. 45 ఏళ్ల వయసు, 84 కిలోల బరువు, 158 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఒక గృహిణి రోజుకు సుమారు 2000 క్యాలరీలు ఖర్చు చేస్తుందనుకుందాం. ఆమె ఆహారాన్ని 1600 క్యాలరీలకు తగ్గిస్తే రోజుకు 400 క్యాలరీల లోటు ఏర్పడుతుంది. ఆ లోటును పూడ్చేందుకు శరీరం తన నిల్వలను కరిగిస్తుంది.

పది కిలోలు తగ్గి 74 కిలోలకు చేరేసరికి ఆమె శరీరం ఖర్చు చేసే శక్తి సుమారు 1860 క్యాలరీలకు దిగివస్తుంది. దీనికి తోడు శరీరం తనంతట తాను పొదుపు పాటిస్తుంది. తెలియకుండానే కదలికలు తగ్గుతాయి, కండరాలు తక్కువ శక్తితో పనిచేయడం అలవరచుకుంటాయి. ఈ పొదుపు మరో 80 క్యాలరీలు అనుకుంటే, రోజువారీ ఖర్చు 1780 దగ్గర నిలుస్తుంది. అంటే 400గా ఉన్న లోటు 180కి పడిపోయింది. ఇక కూరలో ఒక పెద్ద చెంచా నూనె అదనంగా పడితే 120 క్యాలరీలు, సాయంత్రం చక్కెర వేసిన ఒక కప్పు టీ తోడైతే 60 క్యాలరీలు. ఆ 180 కూడా పూడిపోయినట్లే. రాబడి, ఖర్చు సమానమైన ఖాతాలో నిల్వ మారదు. బరువు ఆగిపోవడమంటే ఇదే.

'3500 క్యాలరీలు తగ్గిస్తే అరకిలో కొవ్వు కరుగుతుంది' అన్న సూత్రం నేటికీ ప్రచారంలో ఉంది. 1958లో అమెరికన్ వైద్యుడు మాక్స్ విష్నోఫ్‌స్కీ వేసిన లెక్క దీనికి మూలం. బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు కూడా తగ్గుతుందన్న విషయాన్ని ఈ సూత్రం పరిగణనలోకి తీసుకోదు. అందుకే దాన్ని నమ్ముకుని నెలకిన్ని కిలోలని క్యాలెండరు గీసుకున్న వారికి ఆశాభంగం తప్పడం లేదు.

ఆకలి పెరిగేది ఇందుకే

ఖర్చు తగ్గడం ఒక ఎత్తయితే, ఆకలి పెరగడం మరో ఎత్తు. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. నిల్వలు సరిపడా ఉన్నాయని మెదడుకు తెలియజేయడం దీని పని. కొవ్వు తగ్గితే లెప్టిన్ కూడా తగ్గుతుంది. కరవు వచ్చిందేమోనని మెదడు భావించి ఆకలిని పెంచుతుంది. జీర్ణకోశంలో పుట్టే గ్రెలిన్ అనే ఆకలి హార్మోను స్థాయి కూడా పెరుగుతుంది. ఆస్ట్రేలియాలో 50 మందిపై జరిపి 2011లో ప్రచురించిన పరిశోధనలో, పది వారాల కఠిన పథ్యం ముగిసిన ఏడాది తరువాత కూడా ఈ హార్మోన్ల మార్పులు కొనసాగుతున్నట్లు తేలింది.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తల బృందం 2016లో వెల్లడించిన అంచనా ఇంకా ఆసక్తికరమైనది. తగ్గిన ప్రతి కిలో బరువుకు శరీరం రోజువారీ ఖర్చు 20 నుంచి 30 క్యాలరీలు తగ్గుతుండగా, ఆకలి మాత్రం సుమారు 100 క్యాలరీల మేర పెరుగుతుందని వారు లెక్కగట్టారు. పథ్యం మొదలుపెట్టిన కొత్తలో సులువుగా వదిలేసిన మిఠాయి ఐదో నెలలో నోరూరించడానికి కారణం మనోబలం లేకపోవడం కాదు. శరీరమే వెనక్కి లాగుతోందన్నమాట. ఆత్మనింద మానుకోవాల్సిన అవసరం ఇక్కడే ఉంది.

లెక్కలోకి రాని ముద్దలు

అయితే నెపమంతా శరీరం మీదకు నెట్టడమూ సరికాదు. 'ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదు' అని చెప్పే కొందరిని న్యూయార్క్‌లో పరిశోధకులు శాస్త్రీయ పద్ధతుల్లో పరీక్షించారు. 1992లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, వారు తాము తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగానూ, చేసిన శారీరక శ్రమను 51 శాతం ఎక్కువగానూ చెప్పారు. వారి జీవక్రియలో లోపమేమీ కనిపించలేదు. వారు అబద్ధమాడారని దీని అర్థం కాదు. తిన్నదంతా గుర్తుపెట్టుకోవడం మనిషికి కష్టం.

మన ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. పిల్లల పళ్లెంలో మిగిలిన అన్నం పారేయలేక తినడం, తాలింపు వేస్తూ నాలుగు వేరుశనగ గింజలు నోట్లో వేసుకోవడం, బీచ్‌లో నడక ముగిశాక పునుగులో, బజ్జీలో తినడం, ఇంటికొచ్చిన చుట్టాలతో మరో టీ తాగడం. వీటిని భోజనంగా ఎవరూ లెక్కించరు. అన్నం మాని చిరుధాన్యాలు తింటున్నాం కదా అని పరిమాణం చూసుకోని వారూ ఉన్నారు. ఉత్తరాంధ్రలో చోళ్లుగా పిలిచే రాగుల్లో పీచు, కాల్షియం అధికంగా ఉన్న మాట నిజం. కానీ వంద గ్రాముల రాగుల్లో సుమారు 320 క్యాలరీలు, అంతే బియ్యంలో సుమారు 350 క్యాలరీలు ఉంటాయి. తేడా స్వల్పమే. చోడి అంబలి మంచిదే అయినా గ్లాసులు లెక్కబెట్టుకోవాలి.

పస్తులుంటే ఏమవుతుంది?

బరువు ఆగగానే ఒక పూట భోజనం మానడం, రోజంతా పండ్లరసాలతో గడపడం చాలామంది చేసే పని. ఆకలితో మాడ్చితే శరీరం ఎలా స్పందిస్తుందో తెలిపే ప్రయోగం ఒకటి రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జరిగింది. ఆన్సెల్ కీస్ ఆధ్వర్యంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 1945లో 24 వారాలపాటు సగం ఆహారమే ఇచ్చారు. వారి బరువు సుమారు నాలుగో వంతు తగ్గింది. విశ్రాంతిలో శరీరం వెచ్చించే శక్తి మాత్రం అంతకు మించి, సుమారు 40 శాతం పడిపోయింది. నీరసం, చలి, చిరాకు వారిని ఆవరించాయి. పగలూ రాత్రీ తిండి ధ్యాసే మిగిలింది.

అమెరికాలో 'ది బిగ్గెస్ట్ లూజర్' అనే టెలివిజన్ పోటీలో పాల్గొన్న 14 మందిని పరిశోధకులు ఆరేళ్ల తరువాత పరీక్షించి 2016లో వివరాలు ప్రకటించారు. పోటీలో సగటున 58 కిలోలు తగ్గిన వారు తిరిగి 41 కిలోలు పెరిగారు. వారి శరీరం విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి, ఉండాల్సిన దానికన్నా రోజుకు సుమారు 500 క్యాలరీలు తక్కువగా ఉంది. కఠినమైన పస్తుల్లో కొవ్వుతోపాటు కండరం కూడా కరిగిపోతుంది. ఆ తరువాత బరువు తిరిగి వస్తే కొవ్వు రూపంలోనే అధికంగా వస్తుంది. తొందరపడితే మొదటికే మోసమన్నది ఇందుకే.

దాటడమెలా?

ముందుగా వారం రోజులు ఏమీ మార్చకుండా తిన్నదంతా ఒక పుస్తకంలో రాసుకోవాలి. వంట నూనె, చక్కెర, టీ, చిరుతిళ్లు, ఆదివారం విందు అన్నీ రాయాలి. ఎక్కడ జారిపోతున్నదీ చాలావరకు ఈ పుస్తకమే చూపుతుంది.

నూనె: హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, 2000 క్యాలరీల నమూనా పళ్లానికి నూనె, కొవ్వులు కలిపి రోజుకు 27 గ్రాములుగా పేర్కొంది. ఈ లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు లీటరు నూనె ప్యాకెట్లు మూడున్నర మించకూడదు. నెయ్యి వాడితే ఆ మేరకు నూనె ఇంకా తగ్గాలి. నెలాఖరున ఖాళీ ప్యాకెట్లు లెక్కపెడితే సంగతి తెలిసిపోతుంది.

అన్నం: రోజు మొత్తం మీద 50 గ్రాముల బియ్యం తగ్గిస్తే సుమారు 175 క్యాలరీలు తగ్గుతాయి. ఆ ఖాళీని ఆకుకూర, కూరగాయలతో నింపాలి. వండే ముందు బియ్యాన్ని ఒకే డబ్బాతో కొలవడం అలవాటు చేసుకుంటే కంటి అంచనా తప్పే అవకాశం ఉండదు.

మాంసకృత్తులు: పై మార్గదర్శకాల నమూనా పళ్లెంలో పప్పుధాన్యాలు 85 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉన్నాయి. నీళ్లచారు వంటి పప్పుతో ఈ అవసరం తీరదు. గట్టి పప్పు, పెసరట్టు, ఉడికించిన శనగలు, గుడ్డు, తక్కువ నూనెతో వండిన చేపల పులుసు వంటివి ప్రతి పూటా ఏదో ఒకటి ఉండాలి. ఇవి ఆకలిని ఎక్కువసేపు ఆపుతాయి, కండరం కరగకుండా కాపాడతాయి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుల సలహా లేకుండా మాంసకృత్తులు పెంచరాదు.

వ్యాయామం: నెలల తరబడి అదే వేగంతో, అదే దూరం నడిస్తే శరీరం దానికి అలవాటు పడుతుంది. పైగా బరువు తగ్గిన మనిషి అదే దూరానికి తక్కువ శక్తి ఖర్చు చేస్తాడు. నడుమ నడుమ రెండేసి నిమిషాలు వేగం పెంచడం, గట్టు ఎక్కి దిగడం, లిఫ్టుకు బదులు మెట్లు వాడటం మేలు. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఇందుకు జిమ్‌కే వెళ్లనక్కర లేదు. కుర్చీలో నుంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి వంగి లేవడం, నీళ్లు నింపిన సీసాలు ఎత్తడం ఇంట్లోనే చేయవచ్చు. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుణ్ని సంప్రదించాలి.

నిద్ర: షికాగోలో పది మందిపై జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే ఆహారం ఇచ్చి, రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, మరో రెండు వారాలు ఐదున్నర గంటలు మాత్రమే పడుకునే అవకాశం కల్పించారు. తగ్గిన బరువు దాదాపు సమానమే అయినా, నిద్ర తగ్గినప్పుడు కరిగిన కొవ్వు 55 శాతం తక్కువగా ఉంది. కండరమే ఎక్కువగా పోయింది. ఉక్కు కర్మాగారం, ఓడరేవు, ఆసుపత్రుల్లో రాత్రి షిఫ్టులు చేసే వారు పగటిపూట చీకటి గదిలో నిద్రకు సమయం కేటాయించుకోవాలి.

వీటన్నిటినీ ఒకే రోజు మొదలుపెట్టడం మంచిది కాదు. ఒకటి రెండు మార్పులు చేసి, మూడు నాలుగు వారాలు చూసి, అవసరమైతే మరొకటి చేర్చాలి. అప్పటికే అలసిపోయిన వారు కొన్ని వారాలు ఉన్న బరువునే పెరగకుండా నిలుపుకుని, తరువాత తిరిగి ప్రయత్నించినా తప్పులేదు.

వైద్యుణ్ని ఎప్పుడు కలవాలి?

అన్నీ సరిగ్గా పాటిస్తున్నా బరువు తగ్గకపోయినా, కారణం లేకుండా పెరుగుతున్నా పరీక్షలు అవసరం. థైరాయిడ్ లోపం, స్త్రీలలో అండాశయ నీటిబుడగల సమస్య ఇందుకు దోహదం చేయవచ్చు. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని రకాల మధుమేహ, మానసిక వ్యాధి, మూర్ఛ మందులు కూడా బరువు పెంచుతాయి. అలాగని వాటిని సొంతంగా మానేయడం ప్రాణాపాయం. ఇన్సులిన్ గానీ, చక్కెరను వేగంగా తగ్గించే మాత్రలు గానీ వాడేవారు మోతాదు మార్పించుకోకుండా ఆహారం తగ్గిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదముంది. బరువు తగ్గేందుకని థైరాయిడ్ మాత్రలు మింగడం గుండెకు హాని చేస్తుంది. నగరంలోని కింగ్ జార్జి ఆసుపత్రిలో హార్మోన్ల సమస్యలకు సంబంధించిన ఎండోక్రైనాలజీ విభాగం ఉంది.

టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ వంటి బరువు తగ్గించే ఇంజెక్షన్లు మౌంజారో, వెగోవీ పేర్లతో 2025లో మన దేశ విపణిలోకి వచ్చాయి. ఇవి ఆకలిని అణచి మంచి ఫలితమిస్తున్నప్పటికీ, వీటిని వాడినా కొంతకాలానికి బరువు ఒక చోట ఆగుతుంది. సెమాగ్లుటైడ్ పరిశోధనలో పాల్గొన్నవారు మందు ఆపిన ఏడాదిలోపే తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి పెరిగినట్లు 2022లో వెల్లడైంది. వైద్యుల చీటీ, పర్యవేక్షణ లేకుండా వీటి జోలికి పోరాదు.

ఆగిన చోటా లాభమే

భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా వైద్యులు పరిగణిస్తారు. నడుము చుట్టుకొలత పురుషుల్లో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటరాదు. ఈ అంకెలను చేరేవరకు ప్రయోజనం లేదనుకోవడం పొరపాటు. అమెరికాలో 2002లో వెలువడిన మధుమేహ నివారణ అధ్యయనంలో, శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్న వారిలో మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. 80 కిలోల మనిషికి 7 శాతమంటే ఐదున్నర కిలోలే.

మన పొరుగునే చెన్నైలో డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం నిర్వహించి 2006లో ప్రచురించిన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనం మరింత ధైర్యం చెబుతుంది. మధుమేహం అంచున ఉన్న 531 మందితో మొదలైన ఈ పరిశోధనలో, ఆహారం, నడక అలవాట్లు మార్చుకున్న వారిలో మూడేళ్లలో వ్యాధి ముప్పు 28.5 శాతం తగ్గింది. విశేషమేమంటే వారి బరువు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. తూనిక యంత్రం చూపకపోయినా వారి నడక, పథ్యం వ్యాధిని దూరంగా ఉంచాయి.

అందువల్ల బరువు ఆగిన వారు ముందుగా తాము ఇప్పటికే సాధించినదాన్ని గుర్తించాలి. రక్తపోటు, చక్కెర, నడుము కొలత, మెట్లు ఎక్కితే వచ్చే ఆయాసం ఆరు నెలల కిందట ఎలా ఉన్నాయో, ఇప్పుడెలా ఉన్నాయో పోల్చి చూసుకోవాలి. ఇంకా తగ్గాల్సిన అవసరం ఉంటే పళ్లెంలో, నడకలో, నిద్రలో చిన్న మార్పులతో తిరిగి ముందుకు సాగవచ్చు. అవసరం లేకుంటే ఉన్న బరువును నిలుపుకోవడమే లక్ష్యం కావాలి. ఏ దారి ఎంచుకున్నా రేపటి ఉదయం నడక మాత్రం మానకూడదు.